తాతబ్బాయి కుడి మోకాలు

వెన్నెలపాలెంలో ప్రతి మనిషీ రోజుకు రెండు గంటలు బరువెక్కాలి. అది అక్కడి చట్టం. చంద్రుడి మీద మనిషి తన బరువులో ఆరో వంతే తూగుతాడు కాబట్టి, ఊరికే వదిలేస్తే ఎముకలు గుల్లబారిపోతాయి. అందుకని నేల కింద కట్టిన ఆ ఊరి నడిమధ్య ఒక పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది. పేరు భారచక్రం. అందులో కూర్చుంటే భూమ్మీది బరువు వస్తుంది, దాంతోపాటు భూమ్మీది మోకాళ్ల నొప్పులూ వస్తాయి. చంద్రుడి మీద వెన్నెల ఉండదన్న సంగతి మరిచిపోయి ఊరికి ఆ పేరు పెట్టిన పెద్దమనిషి, మోకాళ్ల సంగతి కూడా మరిచిపోయినట్టున్నాడు.

అది రెండువేల తొంభై నాలుగో సంవత్సరం. ఊళ్లో ఉన్న మూడువందల మందిలో ముప్పాతికమంది కోనసీమ రైతులు. దీపాల వెలుగులో కూరగాయలు పండించడానికి వచ్చినవాళ్లు. తక్కువ బరువులో నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద పడుతున్నాయని వాటిని నిషేధించారు. ఇక మిగిలింది పైపూత మందే. ఆ పని డాక్టర్ ఇందుముఖిది. ఆమె చర్మ శాస్త్రజ్ఞురాలు. వావిలాకు సారంతో మంచి లేపనం తయారుచేసింది గానీ అది చర్మం మీదే కూర్చుంది, లోపలికి వెళ్లలేదు.

ఊరి సంఘాధ్యక్షుడు పేర్రాజు గారికి ఆమె ఓపిగ్గా వివరించింది. చర్మం పై పొర ఇటుకల గోడలాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. ఏదీ లోపలికి రాకుండా చూడటమే ఆ గోడ పని. పిప్పరమెంటు పువ్వు, అంటే మెంథాల్, ఆ కొవ్వులో కరిగి దాని అమరికను కాసేపు వదులు చేస్తుంది. ఆ సందుల్లోంచి వావిలాకు సారం లోపలికి జారుతుంది. కాసేపటికి గోడ మళ్లీ బిగుస్తుంది. మనకు తెలిసే చల్లదనం అసలు చలువే కాదు, చలిని కనిపెట్టే నరాలను మెంథాల్ తట్టి లేపుతుందంతే.

పేర్రాజు గారు అంతా విని, ఆ పిప్పరమెంటు మొక్కలు ఆక్రమించిన రెండు మళ్లలో తోటకూర వేస్తే ఊరంతా తింటుంది కదా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తోటకూర మనిషి. పిప్పరమెంటు వల్ల తేడా ఉందని రుజువు చూపిస్తే మళ్లు ఉంచుతామని, లేకపోతే పీకేస్తామని తేల్చి చెప్పారు.

రుజువు లేకపోతే పోయేది మొక్కలొక్కటే కాదు. మోకాళ్ల నొప్పుల వల్ల భారచక్రంలో రెండు గంటలు కూర్చోలేని పదకొండుమంది జాబితా సంఘం దగ్గర ఉంది. వాళ్లకు నయంకాకపోతే వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు. జాబితాలో మొదటి పేరు డెబ్బై ఏళ్ల తాతబ్బాయిది.

తాతబ్బాయికి ఊళ్లో ఒక బెండ మడి, ఒక తమ్ముడు ఉన్నారు. బెండ మడితో మాట్లాడతాడు. తమ్ముడు నూకరాజుతో తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. వచ్చేటప్పుడు ఇద్దరికీ కలిపి పన్నెండు కిలోల సామాను అనుమతించారు. తమ్ముడి హార్మణీ పెట్టెను దింపేసి, ఆ చోట తాతబ్బాయి తమ అమ్మ రోలు ఎక్కించాడు. తీరా ఇక్కడికొచ్చాక, ఆరో వంతు బరువులో ఆ రోటి పొత్రం మెంతిగింజ కూడా నలపలేదు. పంతం మాత్రం అక్కడా ఇక్కడా ఒకే బరువు తూగుతుంది కాబోలు.

ఇందుముఖి ఎనభైమందికి డబ్బాలు పంచింది. సగం వాటిలో మెంథాల్ ఉంది, సగంలో లేదు. వాసన రెండిటికీ ఒకేలా వచ్చేట్టు కలిపింది. ఏది ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. ఆమె అసలు ఆవిష్కరణ ఇంకొకటి ఉంది. ప్రతి డబ్బాలోనూ ఆ డబ్బాకే చెందిన హానిలేని ఆనవాలు అణువు ఒకటి వేసింది. చర్మదర్శిని అనే దీపం కింద ఒళ్లు పెడితే, ఎవరి డబ్బాలోని మందు ఎన్నిసార్లు, ఎంత లోతుకు దిగిందో అది చదివి చెబుతుంది. జనం దాన్ని తోలుదీపం అన్నారు. ఒకరి మందు ఒకరికి ఇవ్వబోమని అందరూ సంతకాలు చేశారు.

ఇరవై ఒక్క రోజులు గడిచాయి. ముందు నొప్పి లెక్కలు వచ్చాయి. రెండు సగాలకూ సమానంగా తగ్గింది. అయితే పిప్పరమెంటు దండగే కదమ్మా అన్నారు పేర్రాజు గారు. మర్నాడు సంఘం కూర్చుంటుంది, ఆరు రోజుల్లో ఓడ వస్తుంది. ఇందుముఖికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆ రోజంతా ఒక్కొక్కరినే దీపం కింద కూర్చోబెట్టింది.

"మెంథాల్ లేని డబ్బాలు పొందినవారిలో ఇంతవరకు చూచిన ముప్పై తొమ్మిదిమందిలో ముప్పై ఆరుగురి చర్మమునందు ఇతరుల డబ్బాల ఆనవాళ్లు కలవు," అంది చర్మదర్శిని. దానికి భాష నేర్పినవాడు పాత గ్రంథాలు ఎక్కువ చదివాడు.

మెంథాల్ డబ్బా అందుకున్నవాళ్లలో ఒకరైన అన్నవరమ్మను ఇందుముఖి పిలిచి అడిగింది. అన్నవరమ్మ ఏమాత్రం తడబడలేదు. పక్కింటావిడ మందు చల్లగా లేదని దిగాలు పడితే చూస్తూ ఊరుకోలేకపోయిందట.

"మందు ఇవ్వనని సంతకం పెట్టిన మాట నిజమేనండి. వేలికంటుకున్నంత పెడితే అది ఇవ్వడం ఎలాగవుద్దండి?" అంది.

అలా వేలికంటుకున్నంత చొప్పున పరీక్ష మొత్తం మంటగలిసింది. ఇందుముఖి తల పట్టుకుని కూర్చున్న సమయానికి చివరివాడుగా తాతబ్బాయి వచ్చాడు. ఆయనకిచ్చింది మెంథాల్ లేని డబ్బా.

దీపం ఆయన ఎడమ మోకాలు చూసింది. ఆయన మందు పై పొరలోనే నిలిచిపోయింది. కుడి మోకాలు చూసింది. అక్కడ అదే మందు లోపలి పొర దాకా దిగింది. దాని పక్కనే ఇంకొక ఆనవాలు ఉంది, మెంథాల్‌ది. అది నూకరాజు డబ్బా.

ఇందుముఖి లేచి నిలబడింది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే మందు, రెండు మోకాళ్లు. ఒకదాని గోడ తెరుచుకుంది, ఇంకోదానిది తెరుచుకోలేదు. పైగా మొదట్నుంచీ ఎక్కువ బాధపెట్టిన కుడి మోకాలే ఇప్పుడు తేలిగ్గా వంగుతోంది. ఎనభైమంది ఇవ్వలేని రుజువు ఈ ఒక్క మనిషి కాళ్లలో ఉంది.

"మరియొక విషయము," అంది చర్మదర్శిని. "నూకరాజు అరచేతులయందు తాతబ్బాయి డబ్బా ఆనవాలు ఇరవై పూతలు కలదు. దినమునకు ఒకటి."

తాతబ్బాయి, ఆ దీపానికి కళ్లు సరిగా లేవని చెప్పి వెళ్లిపోయాడు. నూకరాజును అడిగితే, ఆ పేరుగల మనిషిని తానెరగనన్నాడు.

మర్నాడు సంఘంలో పేర్రాజు గారు నవ్వేశారు. తొమ్మిదేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు మోకాలు రుద్దుకున్నారంటే ఎవరు నమ్ముతారు, యంత్రానికి మతిపోయింది, దాని లెక్క చెల్లదు అన్నారు. వాళ్లిద్దరిలో ఒక్కరు ఒప్పుకుంటే తప్ప తాను మళ్లు వదలనన్నారు. ఇందుముఖి హాలంతా చూసింది. తాతబ్బాయి ముందు వరసలో, నూకరాజు చివరి వరసలో, ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు. ఆమె ఇంకేమీ వాదించలేదు. ఓడలో వెళ్లాల్సిన పదకొండుమంది పేర్లు మాత్రం చదివింది. మొదటి పేరు దగ్గరే చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

"నేనే రుద్దానండి," అన్నాడు నూకరాజు. "చక్రంలో మాకు ఎదురెదురు సీట్లు పడ్డాయి. రెండోరోజు చక్రం ఆగాక ఆయన లేవలేకపోయాడు. కుడికాలు కర్రలాగా బిగుసుకుపోయింది. చూస్తా కూర్చోలేక నా డబ్బా తీశాను. అలాగని మాటలు కలిశాయనుకోకండి."

"మాటల్లేవండి," అన్నాడు తాతబ్బాయి వెనక్కి తిరగకుండానే. "వాడు రుద్దుతాడు, నేను గోడకేసి చూస్తాను. అంతేనండి."

"మరి కుడిదొక్కటే రుద్దావేమయ్యా? ఎడంది చేసిన పాపమేంటి?" అన్నారు పేర్రాజు గారు.

"ఎడంది కూడా నొప్పెడతందని ఆయన చెప్పాలి కదండీ. చెప్పాలంటే మాట్లాడాలి," అన్నాడు నూకరాజు.

హాలంతా గొల్లుమంది. పేర్రాజు గారు నవ్వు ఆపుకుంటూ యంత్రానికి మతి ఉందని ఒప్పుకుని, పిప్పరమెంటు మళ్ల కాగితం మీద సంతకం పెట్టారు. తోటకూర ఇంకెక్కడైనా వేసుకుందామన్నారు. పదకొండుమందికీ ఆరు నెలల గడువు దొరికింది. ఆ సాయంత్రమే ఇందుముఖి అందరికీ మెంథాల్ కలిపిన కొత్త డబ్బాలు పంచింది. తాతబ్బాయికి ఇక ఎవరి మందూ అక్కర్లేదు.

నెల తర్వాత ఆయన మళ్లీ దీపం కింద కూర్చున్నాడు. రెండు గంటలూ హాయిగా కూర్చోగలుగుతున్నానని చెప్పాడు. చర్మదర్శిని చదివింది.

"తాతబ్బాయి కొత్త డబ్బా ఆనవాలు ఎచ్చటను లేదు. నూకరాజు డబ్బా ఆనవాలు కలదు. రెండు మోకాళ్లయందును."

ఇందుముఖి ఒక్క క్షణం ఆలోచించింది. రెండు మోకాళ్లూ అంటే, ఎడమదాని సంగతి ఎవరో నోరు తెరిచి చెప్పారన్నమాట. ఆమెకు పట్టలేని సంతోషం కలిగింది. పైకి మాత్రం డాక్టరులాగే, మీ డబ్బా ఎందుకు వాడలేదని అడిగింది.

తాతబ్బాయి జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. నెలయినా అది కొత్తదానిలాగే ఉంది.

"మూత రావట్లేదండి," అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూ. "బాగా బిగుసుకుపోయింది."

ఇందుముఖి డబ్బా చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్లతో తిప్పగానే మూత తేలిగ్గా వచ్చేసింది. గదంతా పిప్పరమెంటు వాసన. ఆమె తాతబ్బాయి వంక చూసింది. ఆయన ఇంకా గోడకేసే చూస్తున్నాడు.

ఆమె మూత మళ్లీ పెట్టి, చేతిలో ఉన్న బలమంతా పెట్టి బిగించి, డబ్బా ఆయనకిచ్చింది.

"నిజమే తాతబ్బాయి గారూ, నాకూ రావట్లేదు," అంది.