పగ్ మెడలో పదకొండు పేర్లు

"ఈ కుక్క విమానం ఎక్కిందంటే మనవాళ్ళు పదకొండుమంది పోయినట్టే," అని చీఫ్ ఒక ఫోటో టేబుల్ మీద పడేశాడు.

ఫోటోలో ఒక పగ్. నలిగిన మొహం, బయటికి ఉబికిన కళ్ళు. దాని మెడ చర్మం కింద గుర్తింపు చిప్. ఆ చిప్‌లో శత్రుదేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్ల పేర్లు.

"తీసుకెళ్తున్నది ఎవరు సార్?" అంది ఏజెంట్ గాబరా. ఏ మాట విన్నా ముందు చావే గుర్తొచ్చే మనిషని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"చిలక."

చిలక నిన్నమొన్నటిదాకా గాబరా పక్క టేబులే. అందగత్తె. రెండు దేశాలకూ పనిచేసిన డబుల్ ఏజెంట్.

"అరెస్ట్ చేసేయొచ్చుగా సార్?"

"వాళ్ళు డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఇచ్చారు. చిలకని ముట్టుకోలేం. కుక్కకి ఆ పాస్‌పోర్ట్ లేదు. ఎయిర్‌పోర్ట్‌లో జంతువుల డాక్టర్‌గా కూర్చో. ఏదో వంక పెట్టి ఆపు."

ఆ పదకొండుమందిలో గాబరా కూతురు ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తనిఖీ గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. స్టీలు బల్ల, తూకం, స్కానర్, ఒక ఫోన్, గోడకి అలారం స్విచ్. కోటు గుండీలో దాచిన మైక్ సిగ్నల్ అందక పొద్దుటినుంచీ మూగబోయింది.

చిలక పగ్‌ని చంకనేసుకుని వచ్చింది. వెనకే వచ్చిన బాడీగార్డ్ తలుపు గడియ పెట్టాడు.

"చప్పిడిముక్కు జాతి కదా డాక్టర్‌గారూ, లగేజీలో వేస్తే ఊపిరాడదట. ఒళ్ళోనే పెట్టుకుని తీసుకెళ్తా," అని నవ్వి, గొంతు తగ్గించింది. "నేనొచ్చాక ఆ స్విచ్ వంక మూడుసార్లు చూశావక్కా. విగ్గు బావుంది. గాబరా మాత్రం పోలేదు."

బాడీగార్డ్ పిస్తోలు తీశాడు.

"సంతకం పెట్టు, సీలు కొట్టు," అంది చిలక కుక్క టీకా కార్డు బల్ల మీద పెట్టి. "ఫ్లైట్ వెళ్ళేదాకా వీడు నీకు తోడుంటాడు."

కూతురు తలుపు తీయడం, గుమ్మంలో ముగ్గురు మగాళ్ళు నిలబడి ఉండటం గాబరా కళ్ళముందు కదిలాయి. అయినా పిల్లని పెంచిన చెయ్యి, తేదీలు రెండుసార్లు చూడందే టీకా కార్డు మూయదు. రేబిస్ టీకా మూడో తేదీ. చిప్ అదే నెల తొమ్మిదో తేదీ.

మళ్ళీ చదివింది. శత్రుదేశం రూలు ఒక్కటే: ముందు చిప్, తర్వాతే టీకా. తిరగబడితే ఆ టీకా చెల్లదు, మళ్ళీ వేయించి ఇరవై ఒక్క రోజులు ఆగాలి. పాత చిప్ పీకి పేర్ల చిప్ పెట్టినవాళ్ళు టీకా సంగతి మరిచిపోయారు.

నోరు విప్పితే చిలక ఇక్కడే తేదీ దిద్దించేస్తుంది. గాబరా సంతకం పెట్టింది. సీలు ఆ రెండు తేదీల మీద పడకుండా కొట్టింది.

"మంచిదానివక్కా," అంటూ చిలక వెళ్ళిపోయింది. గడియ మళ్ళీ పడింది.

కార్డు మళ్ళీ తనిఖీ చేసే పై కౌంటర్‌లో ఎవరున్నారో ఏమో. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి ఉంటే? చిలక నవ్వుకి కరిగిపోయే మగాడైతే?

"ఏంటా గొణుగుడు?" అన్నాడు బాడీగార్డ్.

"దాన్ని పక్కకి తిప్పి పట్టుకో నాయనా, పొరపాట్న పేలుతుంది. మీ అమ్మ ఉందా?"

"నోర్ముయ్."

ఫైనల్ కాల్ వినిపించింది. గేటు మూస్తున్నామని ఇంకోసారి వినిపించింది. గాబరా కళ్ళు మూసుకుంది.

ఫోన్ మోగింది. "స్పీకర్ పెట్టి మాట్లాడు," అన్నాడు వాడు.

"డాక్టర్‌గారూ, నిద్రపోతూ సంతకం పెట్టారా?" కౌంటర్ ఆవిడ గొంతు. "టీకా ముందు, చిప్ తర్వాతా? వాళ్ళ దేశంలో దిగనిస్తారా? కుక్కని క్వారంటైన్‌కి రాశాను. ఆవిడ అరుస్తోంది, అరవనీయండి. సెక్యూరిటీవాళ్ళు దాన్ని మీ గదికే తెస్తున్నారు."

మెట్లమీద బూట్ల చప్పుడు. బాడీగార్డ్ గడియ తీసి పరుగెత్తి, నేరుగా వాళ్ళ చేతుల్లోనే పడ్డాడు.

చిలక ఒంటరిగా ఎగిరిపోయింది. అసలు డాక్టర్ వచ్చి ఇరవై నిమిషాల్లో చిప్ బయటికి తీసి వెళ్ళిపోయాడు. చీఫ్ వచ్చేసరికి పగ్ గాబరా ఒళ్ళో గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"సార్, దీని గురక వినండి. ఏమన్నా అయిపోతుందేమో, డాక్టర్‌కి చూపిద్దాం."

చీఫ్ ఆమె తెల్లకోటు వంక చూశాడు.

"ఇవాళ డ్యూటీ డాక్టరు నువ్వేనమ్మా."