పిన్ని మాట వినే దెయ్యం

మూలమలుపు దగ్గర ఒకే గోడకు అతుక్కున్న జంట ఇళ్ళు రెండున్నాయి. అందులో ఎడమచేతి ఇల్లు మంచిది కాదని ప్రతీతి. అద్దెకు దిగినవాళ్ళు మూడు నెలలు నిలిచిన పాపాన పోలేదు.

సరిగ్గా ఆ ఇంట్లోనే మా పిన్ని కుట్టుమిషను పెట్టింది. ఆవిడ నోటి వెంట విన్నదే చెబుతున్నాను.

రోజూ దీపాలు పెట్టే వేళకు... వెనకగది తలుపుకున్న దొంగల అలారం—వేసిన గడియ వేసినట్టే ఉండగా—ఒక్కసారిగా "కుయ్యోఁ" మని ఊళ పెట్టేది!

ఒకావిడ కొలతలిస్తూ ఇస్తూ, మెడలో టేపుతో సహా పరుగందుకుంది. ఆవిడా మళ్ళీ రాలేదు, టేపూ రాలేదు.

ఇంకో వారం ఇలాగే సాగితే కొట్టు మూసుకోవడమే. ఆ సాయంత్రం అలారం మోగగానే పిన్ని గాలికి దణ్ణం పెట్టి గొణిగింది: "ఊరుకో తల్లీ... నీకో గౌను కుట్టిపెడతాలే..."

టక్కున ఆగిపోయింది!

ఆగితే భయం తగ్గాలి కదా? పెరిగింది. అంటే... మాట వినేంత దగ్గర్లోనే ఉందన్నమాట!

మర్నాడు అలారం బిగించిన మెకానిక్కును పిలిచింది.

"దెయ్యమేమిటమ్మా, నా చేతి పని నాకు తెలీదూ?" అంటూ అతను కత్తిరింపు బల్ల కింద దూరాడు.

చీకటి పడింది... నిశ్శబ్దం...

"కుయ్యోఁ!"

అతని తల బల్లకు ఠంగుమంది. "ఊరుకోమనండి! తొందరగా అనండమ్మా!"

"ఊరుకో తల్లీ..."

ఆగింది. అంతలో గోడ అవతల ఎవరో... "ఛ, ఇవాళా మర్చిపోయాను!"

ఇద్దరూ వీధిలోకి ఉరికారు. పక్కింటి గుమ్మంలో బేకరీ మాస్టరు, చేతిలో రిమోటు! పని నుంచి రాగానే, అలారం ఆపకుండా తలుపు తీసెయ్యడం ఆయనకు అలవాటట.

మెకానిక్కు నాలిక కరుచుకున్నాడు. రెండిళ్ళకూ అలారాలు బిగించింది అతనే. లోపలుండే చిన్న మీటలు జరిపి ఇంటికో నంబరు పెట్టాలి; జరపనే లేదు. తరగతిలో ఒకే పేరున్న పిల్లలిద్దరుంటే, ఇంటిపేరు లేకుండా పిలిస్తే ఇద్దరూ లేచి నిలబడరూ? ఇదీ అంతే. ఆయన తలుపు కేకేస్తే పిన్ని సైరనూ పలికింది. ఆయన రిమోటు చాలంటే అదీ నోరు మూసింది.

మీటలు జరిపాక పిన్ని ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య, కొట్టు నిలబడింది! సైరను మాత్రం గట్టిదే సుమా. రోజూ పొద్దున్నే ఆరింటికి ఎర్ర బొత్తాం నొక్కి మోగించి చూస్తాగా!"

బేకరీ మాస్టరు ముఖం పాలిపోయింది.

"ఆరింటికా? అక్కా... నెల రోజులుగా నన్ను ఒంటి మీద సబ్బుతో వీధిలోకి పరిగెత్తిస్తున్న దెయ్యం... మీరా?"