ఐదూ నలభైకి ఆగిన గడియారాలు

ఆ ఇంట్లో నిశ్శబ్దానికి చోటు లేదు. ముందుగదే గడియారాల రిపేరు కొట్టు కావడంతో, గోడ నిండా వేలాడే పాతిక ముప్పై గడియారాలు పొద్దస్తమానం ఎవరి గోల వాళ్ళదన్నట్టు టిక్కుటిక్కుమంటూ ఉంటాయి. వరద వచ్చి వెళ్ళిన పన్నెండో రోజు, ఆ గురువారం ఉదయం కూడా మెకానిక్ టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, బురద పట్టిన గడియారాల కుప్ప ముందు కూర్చున్నాడు. అవన్నీ కింది వీధివి. ఇళ్ళు కడుక్కుంటూ, ఇవైనా బాగవుతాయేమో చూడమని జనం తెచ్చి ఇచ్చి వెళ్ళారు.

బయట మెట్ల మీద అతని తల్లి, దేవుడు తమకు చేసిన మేలు గురించి పాలతనికి సాక్ష్యం చెబుతోంది. చర్చిలో ఆవిణ్ణి వెనకాల సాక్ష్యాలమ్మ అంటారు. ముందర అనేంత ధైర్యం పాస్టరుగారికి కూడా లేదు. తలనొప్పి తగ్గినా, పోయిన తాళంచెవి దొరికినా ఆవిడకు అదొక సాక్ష్యమే. ఇక వరదలో ఇల్లు మునగకపోతే ఊరుకుంటుందా.

"మూడో మెట్టు దాకా వచ్చాయి బాబూ నీళ్ళు. ఇంకొక్క మెట్టు ఎక్కితే గడపే. ఇక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఇది నీ పిల్లల ఇల్లు అన్నాను. ఆమెన్ అని కళ్ళు తెరిచి లోపల గోడమీద చూస్తే ఐదూ నలభై. నీళ్ళు అప్పుడే వెనక్కి తగ్గుతున్నాయి."

గడియారాల మెకానిక్ తల్లి కదా, ఏం చెప్పినా టైముతో సహా చెప్పడం ఆవిడ అలవాటు. పాలతను ఈ కథ వినడం అది నాలుగోసారి. పాకెట్లు ఆవిడ చేతిలో పెట్టి, తల ఊపి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తెల్లవారుజామున ఈ ఇల్లున్న పై వీధి బతికి బయటపడింది గాని, కింది వీధి నిలువునా మునిగింది. పదకొండు మంది పోయారు. అందులో ఒకడు బేకరీ మాస్టరు, ఈ ఇంటి కోడలి చెల్లెలి మొగుడు. ఆ పిల్ల ఇప్పుడు ఈ ఇంట్లోనే, పెద్దావిడ గదిలో, పెద్దావిడ మంచం మీదే ఉంటోంది. పెద్దావిడ కింద చాప వేసుకుంటోంది. పొద్దునా సాయంత్రం ఆ పిల్లకు తల దువ్వేది ఆవిడే, బతిమాలి నాలుగు ముద్దలు తినిపించేదీ ఆవిడే. తీరా నోరు విప్పితే మాత్రం, కింది వీధిలో మందుషాపుందనీ, పేకాటలుంటాయనీ, ఆ వీధి నుంచి ఆదివారం చర్చికొచ్చే మొహం ఒక్కటీ లేదనీ, దేవుడు ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటాడనీ అనేది. ఆవిడ చేతులకూ నోటికీ చుట్టరికం లేదు.

పైగా చర్చిలో పాటలు పాడే ఆ పిల్ల మూడేళ్ళ క్రితం, ఏనాడూ చర్చి మెట్టెక్కని ఆ బేకరీ మాస్టర్ని రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. పెద్దావిడ ఆ పెళ్ళికి వెళ్ళలేదు. ఆ అబ్బాయి మా గడప తొక్కడానికి వీల్లేదంది. పండులాంటి పిల్ల పాడైపోయిందని పదిమందికీ చెప్పుకుని బాధపడింది. ఇప్పుడు దేవుడి తీర్పు గురించి ఆ పిల్ల ముందు అనడం లేదు, నిజమే. కానీ నాలుగు గదుల ఇంట్లో ముందేమిటి, వెనకేమిటి?

ఆ గురువారమే ఆ పిల్ల పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి తనంతట తాను గదిలోంచి బయటికొచ్చింది. జుట్టు ముడివేసుకుంటూ వచ్చి పెద్దావిడ ముందు నిలబడింది.

"అత్తయ్యగారూ, ఆదివారం నన్నూ తీసుకెళ్ళండి. మీ సాక్ష్యం అయ్యాక నేనూ లేస్తాను. ఆయన నావల్లే పోయాడని అందరి ముందూ ఒప్పుకుంటాను."

పెద్దావిడ కళ్ళ నిండా నీళ్ళతో ఆ పిల్లను గుండెకు హత్తుకుంది. తప్పిపోయిన బిడ్డ తిరిగొచ్చిందని స్తోత్రం చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు మాత్రం చేతిలో గరిటెను ఎక్కడ పెట్టాలో తెలియనిదానిలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత కొట్టు గదిలోకి వచ్చి, ఇదంతా ఆపమని మీ అమ్మకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని మొగుణ్ణి నిలదీసింది. అతను భూతద్దం తీయకుండానే, చూద్దాంలే అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విందో ఆమెకు లెక్కే లేదు.

అతని బాధ అతనిది. పొద్దుటినుంచీ పద్నాలుగు గడియారాలు విప్పాడు. నీళ్ళు బ్యాటరీని తాకగానే గోడగడియారం ఆగిపోతుంది, బురద పట్టి ముళ్ళు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. మంగలాయన గడియారం ఒక్కటే వేరుగా మూడు గంటలు చూపిస్తుంటే కంగారుపడి, ఎందుకలా అని కబురు చేశాడు. అది పెళ్ళిలో వచ్చిందనీ, ఆ మర్నాడే ఆగిపోయిందనీ, మోజు కొద్దీ గోడకు ఉంచామనీ మంగలాయన నవ్వుతూ చెప్పాడు. దాన్ని పక్కన పెడితే మిగతావన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఐదూ ముప్పై తొమ్మిది. ఐదూ నలభై ఒకటి. ఐదూ నలభై. ఎవరి గడియారం వాళ్ళది కాబట్టి రెండు నిమిషాలు అటూ ఇటూ.

చివరి దాన్ని బేకరీలో పనిచేసే కుర్రాళ్ళు సంచిలో వేసి తెచ్చారు. గుండ్రటి తెల్ల గడియారం, అడుగున బేకరీ పేరు. మరదలి ఇంట్లోది. ఐదూ నలభై రెండు.

అతను దాన్ని సొరుగులో పడేసి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. రెండు వీధులకూ మధ్య పాత మిల్లు ప్రహరీ గోడ ఉండేది. ఇప్పుడక్కడ లారీ పట్టేంత సందు. మిగిలిన గోడ మీద, పై వీధి వైపు, నీటి మరక కనిపించింది. దాని ఎత్తు చూసి వెనక్కి తిరిగి తన ఇంటి మెట్లను చూశాడు. మరక సరిగ్గా మూడో మెట్టు ఎత్తున ఉంది. పై వీధిలో నిలిచిపోయిన నీళ్ళన్నీ ఈ గోడ కూలగానే ఒక్క ఊపున కిందికి దూకాయి. ఇక్కడ తగ్గడమూ, అక్కడ ముంచడమూ ఒకే క్షణంలో జరిగాయి.

ఆ రోజునుంచీ అతనికి కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే వీధిలోకి పోయేవాడు, పోయినవాడు అరగంటలో మళ్ళీ వచ్చి సొరుగు తీసి చూసి మూసేవాడు. ఒక వాచీకి సెకన్ల ముల్లు తలకిందులుగా బిగించాడు. తండ్రి పోయాక తనను పెంచింది ఆ తల్లి. కష్టం వచ్చిన ప్రతిసారీ ఆవిడ పట్టుకున్నది ఆ దేవుణ్ణే. ఈ మాట చెబితే ఆవిడకు ఏం మిగులుతుందోనని అతనికి భయం. చెప్పకపోతే ఆదివారం మరదలు లేచి నిలబడుతుంది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దావిడ బల్ల దగ్గర తన తెల్లచీర ఇస్త్రీ చేస్తూ, మర్నాడు ఏం చెప్పాలో ఆ పిల్లకు నేర్పడం మొదలుపెట్టింది. ముందు పేరు చెప్పాలి, తర్వాత దారి తప్పిన సంగతి చెప్పాలి, ఆ తర్వాత దేవుడు చేసిన గద్దింపు. ఆ పిల్ల పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా అంటోంది. గద్దింపు అన్నచోట ఆగిపోయింది. పెద్దావిడ, పర్లేదు, మళ్ళీ అనమ్మా అంది.

"అత్తయ్యా, ఇక చాలు" అంది కోడలు.

పెద్దావిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఏమిటి చాలు అని అడిగింది.

"దాని మొగుడు చచ్చాడు. దాన్నే చంపినదాన్ని చేస్తున్నారు. దేవుడు అంత గురిచూసి కొట్టేవాడైతే ఆ మందుషాపు మేడమీద చెక్కుచెదరకుండా ఉందేం? ఒక్క సీసా పగల్లేదు. ఆరు నెలల పాప పోయింది. ఆ పాప పేకాట ఆడిందా?"

"దేవుడి పనుల్ని మనం ప్రశ్నించకూడదు."

"నేను దేవుణ్ణి అడగట్లేదు అత్తయ్యా. మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆ ఇంట్లో పెద్దావిడతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆవిడ మొహం ఎర్రబడింది. మా ఇల్లు ఎందుకు నిలిచిందో, ఆ ఇల్లు ఎందుకు మునిగిందో కళ్ళున్నవాళ్ళకు కనిపిస్తుందనీ, ఐదూ నలభైకి ఆమెన్ అన్నాననీ మొదలుపెట్టింది. వద్దక్కా అని చెల్లెలు ఏడుస్తోంది, నువ్వు నోరు మూసుకో అని అక్క కేకలేస్తోంది. కొట్టు గదిలో మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఈసారి వీధిలోకి పోలేదు.

గడియారాలను చేతుల నిండా తెచ్చి, తెల్లచీర పక్కకు జరిపి, బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు. చివరగా ఆ గుండ్రటి తెల్ల గడియారం పెట్టగానే చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవన్నీ కింది వీధివమ్మా. ఇది చిన్నదాని ఇంట్లోది. టైము చూడు" అన్నాడు.

పెద్దావిడ కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. ఒక్కొక్కటే దగ్గరికి తీసుకుని చూసింది. ముళ్ళు నువ్వేమీ కదపలేదుగా అని అడిగింది. లేదన్నాడు. తెల్ల గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది, నడుస్తుందేమోనని ఆశపడినట్టు.

"అయితే మన మెట్టు దిగిన నీళ్ళు..." అని ఆగిపోయింది.

"మిల్లు గోడ కూలిందమ్మా. పైన నిలిచిన నీళ్ళన్నీ వాళ్ళ మీద పడ్డాయి. మనకు తగ్గింది అందుకే."

"నా ప్రార్థన వాళ్ళ మీదికి తోసిందా నాయనా?"

అతను భయపడింది సరిగ్గా ఈ ప్రశ్నకే. తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "నీ ప్రార్థనా కాదు, చిన్నదాని పెళ్ళీ కాదు. అది పాత గోడ. పగుళ్ళిచ్చి ఏళ్ళయింది. రోజూ దాని పక్కనుంచే నడిచాం, ఎవరం పట్టించుకోలేదు."

అప్పుడు చెల్లెలు మాట్లాడింది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా చెప్పని సంగతి గడియారం వైపే చూస్తూ చెప్పింది. నీళ్ళు గదిలోకి రాగానే అతను ఆమెను భుజాల మీద ఎక్కించుకుని మిద్దె మీదికి చేర్చాడు. పక్కింటి ముసలమ్మ, ఆ మందుషాపు వాడి తల్లి, మంచం మీంచి లేవలేదని అప్పుడు అతనికి గుర్తొచ్చింది.

"వద్దన్నాను. చొక్కా పట్టుకుని లాగాను. ఒక్క నిమిషం అన్నాడు. ఆమెను పైకి అందించాడు. మిద్దె మీదున్న మేమంతా ఆమెను పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు." ఆ పిల్ల పెద్దావిడ వైపు తిరిగింది. "దేవుడికి మొక్కడం రాదు అత్తయ్యగారూ ఆయనకి. అందుకే తీసుకుపోయాడా?"

పెద్దావిడ లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. సాయంత్రమంతా గదిలో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు బయటికి వినిపిస్తూనే ఉంది. కోడలు టీ తీసుకెళితే గుక్క తాగి పక్కన పెట్టింది. నేను మెట్టు మీద కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు ఆ అబ్బాయి నీళ్ళలోకి దిగాడన్నమాట అని మాత్రం అంది. ఆ గొంతు విని కోడలికి అత్తగారి మీద కోపం నిలవలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పాటలయ్యాక పాస్టరుగారు నవ్వుతూ పెద్దావిణ్ణి పిలిచారు. ఆవిడ చేతిసంచితో ముందుకు నడిచి, మైకు సరిచేసుకుని, సంచిలోంచి తెల్ల గడియారం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మా కోడలి చెల్లెలి ఇంట్లోది. ఐదూ నలభై రెండుకి ఆగింది. మా ఇంటి దగ్గర నీళ్ళు తగ్గినప్పుడే వీళ్ళ ఇంటిని ముంచాయి. పదిహేను రోజులుగా నేను చెప్పుకున్న సాక్ష్యంలో సగమే ఉంది. మిగతా సగం ఇదీ."

ఆవిడ గడియారాన్ని జనం వైపు తిప్పింది.

"గోపురం కూలి పద్దెనిమిది మంది పోతే, వాళ్ళు మీకంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువు అడిగాడు. కాదన్నాడు. మీరు మారండి అన్నాడు. ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో బొమ్మలు చూపించి మరీ చెప్పాను. పిల్లలు విన్నారేమో, నేను వినలేదు. మా ఇల్లెందుకు నిలిచిందో నాకు తెలీదు. స్తోత్రం మానను. వాళ్ళు మునిగారు కాబట్టి మేం మంచివాళ్ళమని మాత్రం ఇక చెప్పను."

అప్పటికే లేచి నిలబడుతున్న ఆ పిల్ల వైపు చెయ్యి చాపింది.

"నువ్వు కూర్చో తల్లీ. ఒప్పుకోవలసింది నీ దగ్గర ఏమీ లేదు. నా దగ్గరుంది. ఆ అబ్బాయిని నా గడప తొక్కద్దన్నాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అతని చేత్తో చేసిన రొట్టె తినలేదు. మంచం మీంచి లేవలేని మనిషి కోసం ప్రాణం పెట్టినవాణ్ణి ఏ పేరు పెట్టి పిలవాలో ప్రభువుకి తెలుసు. నన్ను క్షమించమ్మా."

ఆ పిల్ల కూర్చోలేదు. వరసల మధ్యనుంచి పరుగులాంటి నడకతో వెళ్ళి పెద్దావిడ భుజం మీద తల ఆనించి, ఇన్ని రోజులుగా బిగబట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. కోడలు ఏడ్చింది. మెకానిక్ భూతద్దం లేకుండానే తన వాచీని శ్రద్ధగా పరీక్షిస్తున్నట్టు తల దించుకున్నాడు.

సాయంత్రం అతను తెల్ల గడియారాన్ని ముందు పెట్టుకుని, ఇలాగే ఉంచేయనా, బాగుచేయనా అని మరదల్ని అడిగాడు.

"నడిపించండి బావా. పనికి లేటవడమంటే ఆయనకి పడదు" అంది.

సోమవారం ఉదయం పాలతను ఎప్పటిలాగే సైకిలు మెట్ల ముందు ఆపాడు. పెద్దావిడ బయటికి రావడం చూసి, వినడానికి సిద్ధపడి నిలబడ్డాడు. ఆవిడ పాకెట్లు అందుకుంది గాని, సాక్ష్యం మొదలుపెట్టలేదు. కాసేపు అతని చెప్పులకు ఇంకా అంటి ఉన్న బురద వైపు చూసింది.

"బాబూ, ఇన్నేళ్ళుగా పాలు పోస్తున్నావు. మీ ఇల్లెక్కడ?"

"కింది వీధేనమ్మా" అన్నాడతను.

పెద్దావిడ పాకెట్లు ఒళ్ళో పెట్టుకుని మూడో మెట్టు మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"కూర్చో నాయనా. మీ ఇంట్లో ఎంతదాకా వచ్చాయో చెప్పు."

అతను సైకిలుకు స్టాండు వేశాడు.