నాకు తెరుచుకోగూడదు

"చెనక్కాయలు పచ్చివేనా?"

"వేయించినోళ్లనే అడుగప్పా."

కోడ్ సరిపోయింది. నాగలమడిక బస్సులో పక్క సీట్లో కూర్చున్న బైలప్ప గొంతు తగ్గించాడు. గూఢచారి శాఖలో ఏజెంట్ దాసమ్మకు పైఅధికారి అతనే.

"మిషన్ ఈపొద్దే దాసక్కా. సోలార్ పార్కును ఒక్క దెబ్బతో ఆపేసే పాస్‌వర్డులన్నీ ఒక ఫైల్లో ఉండాయి. చీఫ్ ఇంజనీరు తప్ప ఎవరూ తెరవగూడదు. దాన్ని కొత్త సర్వర్‌లోకి కాపీ చేస్తా ఉండారు. పగలు పన్నెండుకు దానికి బయటి లైన్ కలుపుతారు. విదేశీ ముఠా ఆ నిమిషం కోసమే కాచుకోనుండాది. కాపీ చేసేది రంజిత. మన ఏజెంటే."

"మన మనిషంటేనే నాకు ఎక్కువ భయమప్పా."

"టెస్ట్ పాసైందని సంతకం పెట్టేది నీ కూతురు మంజుశ్రీ."

ఫైల్ బయటికి పోతే జైలుకు పోయేది సంతకం పెట్టినవాళ్లే. కూతురి చేతికి సంకెళ్లు, పేపర్లో ఫోటో, అన్నీ క్యాతగానచెర్లు స్టాపు వచ్చేలోపే దాసమ్మ కళ్లకు కట్టాయి.

పదకొండు యాభై. సోలార్ పార్కు కంట్రోల్ రూములోకి నీలం యూనిఫాం, ముఖానికి మాస్కు, బకెట్టు, మాప్ కర్రతో దాసమ్మ ప్రవేశించింది. కర్ర పిడిలో కెమెరా ఉంది.

రంజితది ఎర్ర షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు. గదంతా ఆమె సెంటే.

"అక్షరం పొల్లుపోకుండా కాపీ అయింది. ఏ ఫైలైనా తెరిచే నా అడ్మిన్ లాగిన్‌తో తెరిచాను, తెరుచుకుంది. టెస్ట్ పాస్. సంతకం పెట్టు మంజూ."

మంజుశ్రీ పెన్ను తీసింది.

"ఆగు!" అంది దాసమ్మ. "నీకు తెరుచుకుంటే ఏం తెలుస్తాది తల్లీ? గొర్రెలు పండుకునే రొప్పం కొత్త చేన్లోకి మార్చినాక గొర్రెలాయనే పోతే కుక్క తోక ఊపుతాది. కావలి కాస్తాదో లేదో చూడల్లంటే పరాయోణ్ణి పంపల్ల. నా బ్యాడ్జీతో తెరువు."

"నేల తుడిచేదానివి. నీకెందుకు?"

"అందుకే. నాకు తెరుచుకోగూడదు."

గొంతు గుర్తుపట్టి మంజుశ్రీ ఉలిక్కిపడింది. "అమ్మా! నువ్వు ఈడేంది?"

"ముందు తెరువు. తర్వాత తిట్టుదువు."

బ్యాడ్జీ పెట్టగానే ఫైల్ బార్లా తెరుచుకుంది. అక్షరాలన్నీ వచ్చాయి, తాళం మాత్రం రాలేదు. పాత సర్వర్‌లో ఒక్కరికే ఉన్న పర్మిషన్ కాపీలో ఊరందరికీ ఉంది.

పదకొండు యాభై తొమ్మిది. రంజిత హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. "కీబోర్డు వదులు!"

దాసమ్మ కూతురికి అడ్డంగా నిలబడింది. "కాల్చు. నువ్వు తుపాకీ తీస్తావని పొద్దున లేసినప్పట్నుంచీ అనుకుంటానే ఉండా. నేననుకున్నదానికంటే చిన్నదే. మంజూ, నువ్వు కాపీ చెరుపు!"

రంజిత వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. దాసమ్మ బకెట్టును ఒక్క తన్ను తన్నింది. సబ్బునీళ్లలో హైహీల్స్ జారాయి. గుండు సీలింగులోకి దూసుకుపోయింది. కెమెరాలో అంతా చూస్తున్న బైలప్ప మనుషులు తలుపు తోసుకొచ్చి రంజితను పట్టుకున్నారు.

పన్నెండుకు ఒక్క సెకను ముందు కాపీ చెరిగిపోయింది.

ఈసారి మంజుశ్రీ పర్మిషన్లతో సహా కాపీ చేసి, తల్లి బ్యాడ్జీ పెట్టింది. తెర మీద ఎర్రక్షరాలు: యాక్సెస్ డినైడ్.

"ఇంకోసారి పెట్టు," అంది దాసమ్మ. మూడుసార్లు పెట్టించాకే సంతకం చేయనిచ్చింది.

సాయంత్రం బైలప్ప ఒక కవరు అందించాడు. "ఢిల్లీలో రహస్యంగా మెడల్ ఇస్తారంట దాసక్కా. విమానం టిక్కెట్ ఇది."

తుపాకీ ముందు చలించని దాసమ్మ ముఖం పాలిపోయింది.

"విమానమా? ఆడికి బస్సు పోదాప్పా?"