మోతాదు: బిడ్డ వదిలేదాకా

ఊపిరిగుమ్మం ఎదుట నిలబడి నూకరత్నం ఒక్క ఊపిరి వదిలింది. గుమ్మాన్ని కాసే యంత్రం, కాపరి, దాన్ని రుచి చూసి పచ్చదీపం వెలిగించింది.

"గుమ్మందారు చోడిపిల్లి నూకరత్నం. ఊపిరి శుభ్రం. పొద్దున తిన్నది రాత్రి మిగిలిన చేపల పులుసు."

"తిన్నది చెప్పమని నిన్నెవరడిగారే?" అని రోజూలాగే గొణుక్కుంటూ ఆవిడ లోపలికి నడిచింది. ఒకప్పుడు ఉప్పాడ ఉన్న చోటికి పన్నెండు మైళ్ల అవతల, నీళ్లమీద తేలే ఈ ఊళ్లో ఏడో గుమ్మం ఆవిడది. ఊళ్లో ఎవరికి అంటుజబ్బు చేసినా కాపరి కనిపెట్టి గదిలో పెడుతుంది. కాపరి మాటల్ని మనుషులకీ, మనుషుల తిట్లని కాపరికీ చేరవేయడం గుమ్మందారు ఉద్యోగం. ఇరవైరెండేళ్లుగా ఆవిడ చేస్తున్నది అదే.

ఈ పూట తిట్లు మరీ ఎక్కువగా ఉన్నాయి. మూడో గదిలో వజ్రం అద్దాన్ని అరచేత్తో బాదుతోంది. నాచుతోటల్లో మునిగి వలలు కుట్టే పిల్ల, తొమ్మిది రోజుల బాలింత. అయిదు రోజులుగా ముక్కు చీదుతూ, ఉప్పుగాలి పడలేదులే అనుకుంది. ఇవాళ ఆరింటికి బిడ్డను తూకానికి తెస్తే, కాపరి ఆమె ఊపిరిలో తూరుపుజ్వరాన్ని పట్టుకుంది. పట్టుకున్న మరుక్షణం తల్లిని మూడో గదిలోనూ, బిడ్డను నాలుగో గది ఊయలపెట్టెలోనూ పెట్టేసింది. ఏడు రోజులు ఇంతే.

"రత్నం పిన్నీ! పిల్ల తాగిందా?"

తాగలేదు. ఊయలపెట్టెకి ఒక మెత్తటి రబ్బరు చెయ్యి ఉంది. దానికి ఒంటి వెచ్చదనం పెట్టారు, గుండెచప్పుడు కూడా పెట్టారు. ఆ చెయ్యి పొడిపాల సీసా అందిస్తే పిల్ల ఒకసారి చప్పరించి, ఇదేం అన్యాయం అన్నట్టు మొహం పెట్టి ఉమ్మేసింది. మూడుసార్లు ఇచ్చారు, మూడుసార్లూ అదే వరస. ఏడ్చి ఏడ్చి ఇప్పుడు గొంతు కూడా సరిగ్గా రావడం లేదు.

"పదకొండింటికి నాలుగో సీసా," అంది కాపరి. "అదీ తాగకపోతే శిశువును గాలిపడవలో ఒడ్డు ఆసుపత్రికి పంపుతాను. ముక్కులో గొట్టం వేసి పాలు పోస్తారు. ఏడు రోజుల తరవాత తల్లి వెళ్లి తెచ్చుకోవచ్చు."

"ఏడు రోజులే!" వజ్రం గొంతు బొంగురుపోయింది. "అప్పటికి నా పాలు ఎండిపోవూ? పొద్దున్న పిండి గిన్నెడు ఇచ్చాను కదా, అయ్యన్నా పట్టారా?"

కాపరికి అబద్ధం చేతకాదు.

"జబ్బుగదిలోంచి వచ్చే ద్రవాలన్నీ దహనగొట్టంలోకి పోతాయి. ఏడు గంటల పది నిమిషాలకు కాల్చేశాను. తొంభై మిల్లీలీటర్లు."

"నా పాలు తగలెట్టేశావా?" వజ్రం ఒంటికాలి మీద లేచింది. "పాలు పడాలని మా అత్త మూడుపూటలా సొరచేప పిట్టు కుక్కి కుక్కి పెడుతుంది ఇందుకా? నీ మొహం మండా!"

"నాకు మొహం లేదు," అంది కాపరి మర్యాదగా.

నూకరత్నం కుర్చీ లాక్కుని కాపరి కంటికి ఎదురుగా కూర్చుంది.

"ఓ మాటడుగుతాను, చెప్పు. ఈ తూరుపుజ్వరం పాలలోకి దిగుద్దా?"

"దిగదు. పాల ద్వారా బిడ్డకు చేరే వైరస్‌ల జాబితా వేరే ఉంది. అందులో ఇది లేదు."

"మరి ఈ పిల్ల పాలలో ఏముంది?"

"ఈ వైరస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలు. కాల్చేముందు చూశాను. పుష్కలంగా ఉన్నాయి."

"బిడ్డకి మంచియ్యేనా?"

"చాలా. అయిదు రోజులుగా ఈ తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకునే తుమ్మింది గనుక, శిశువుకు ఇప్పుడు అవసరమైనవి కూడా అవే."

"తుంపర పడకుండా మూతిగుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని ఇస్తే?"

"ప్రమాదం బాగా తగ్గుతుంది. వైద్యసంపుటి అలాగే ఇమ్మంటోంది."

"అయితే ఇవ్వమంటావా?"

"వద్దు."

"ఎందుకే తల్లీ!"

"వజ్రం పేరు జబ్బుమూలం కింద నమోదైంది. ఆహారమూలం కింద ఇంకోసారి నమోదు చేయడానికి నా దగ్గర గడి లేదు."

నూకరత్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. గోడమీద టైము పదీ నలభై. ఆవిడ రవికకి 'తప్పులేని గుమ్మం' అని ఇత్తడి బిళ్ల ఉంది. దాన్ని వారం వారం చింతపండుతో తోముకుంటుంది. ఇరవైరెండేళ్లలో ఒక్క గీత దాటలేదు. అయితే ఆ ఇరవైరెండేళ్లలో కాపరి గుణం కూడా బాగా పట్టేసింది. ఎవరి అన్నం ఆలస్యమైనా అది ఓర్చుకుంటుంది, ఎవరు ఏడ్చినా ఓర్చుకుంటుంది. మందు వేళ మించితే మాత్రం దానికి పిచ్చెక్కుతుంది. పోయినేడు ఓ ముసలాయన బీపీ మాత్ర మరిచి పేకాటకి కూర్చుంటే, ఊరంతా గంటలు కొట్టి, ఆయన పేకముక్కలు చేతిలో ఉండగానే మింగించింది.

"కాపరీ, తుఫానుమందు కాగితం తెరువు."

పేరు తుఫానుదే అయినా, ఒడ్డున దొరకని ఏ మందుకైనా బదులు ఊళ్లో ఉన్నదాన్నే మందుగా రాసుకునే హక్కు ఆ కాగితంతో గుమ్మందారుకి ఉంది. ఏడో గుమ్మంలో ఆ కాగితం ఇంతవరకు ఎవరూ తెరవలేదు.

"తుఫాను లేదే."

"పసిపిల్లలకి పనికొచ్చే తూరుపుజ్వరం ప్రతిరక్షకాలు ఒడ్డున ఉన్నాయా?"

"లేవు."

"మరి తెరువు."

"నియమం వర్తిస్తుంది. తెరిచాను. మందు పేరు?"

"అమ్మపాలు."

"తయారీదారు?"

"వజ్రం, మూడో గది."

"ముడిసరుకు?"

"సొరపిట్టు!" అని గదిలోంచి వజ్రం అరిచింది. "వెల్లుల్లి కూడా రాయించు పిన్నీ!"

"నిల్వ ఉంచే పద్ధతి?"

"తయారీదారు లోపలే."

"జాగ్రత్తలు?"

ఇక్కడ నూకరత్నం వెటకారం మానేసింది. "మూతిగుడ్డ ముక్కు మీదిదాకా. చేతులు మోచేతులదాకా సబ్బుతో. దగ్గొస్తే మొహం పక్కకి. రొమ్ము మీద పుండు లేచినా, నీ జాబితాలో వైరస్ ఏదన్నా బయటపడినా మందాపి డాక్టరు గారిని పిలవాలి."

"వేళలు?"

"బిడ్డ అడిగినప్పుడల్లా."

"మోతాదు?"

ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఒక్క క్షణం ఆలోచించింది. "బిడ్డ వదిలేదాకా."

"మిల్లీలీటర్లలో చెప్పండి."

"చెప్పింది రాయవే. ఎంత కావాలో నీకన్నా, నాకన్నా దానికే బాగా తెలుసు."

"రాశాను. బాధ్యత?"

"నాదే." ఆవిడ వేలిముద్ర వేసింది. ఇత్తడి బిళ్లని ఓసారి తడుముకుంది. భయం లేదని ఎవరన్నారు?

అంతలో ఏడో గుమ్మం గంటలన్నీ ఒక్కసారి మోగాయి.

"మందు వేళ మించిపోయింది! నాలుగు గంటల నలభై నిమిషాలు ఆలస్యం! తయారీదారు వెంటనే రావలెను!"

మూడో గది తలుపు దభాలున తెరుచుకుంది. వజ్రం మూతిగుడ్డ బిగించి నీళ్లతొట్టి దగ్గరకి పరిగెత్తింది. "ఎడమ మోచెయ్యి వదిలేశారు! సబ్బు! ఇంకా సబ్బు!" అని కాపరి ఆమె ప్రాణం తీసింది. నాలుగో గదిలో రబ్బరు చెయ్యి సీసాతో సహా వెనక్కి ముడుచుకుపోయింది.

వజ్రం ఒళ్లోకి తీసుకుంటే పిల్ల ముందు మూతిగుడ్డని చూసి జడుసుకుంది. తరవాత వాసన పట్టింది. ఆ తరవాత మొత్తం గుమ్మం వినేటట్టు గుటకలు వేసింది. వజ్రం ఏడుస్తూ నవ్వుతోంటే నూకరత్నం కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఊళ్లో ఇదే జ్వరంతో, ఇదే మందు నిల్వ ఉన్న తయారీదారులు మరో ఐదుగురు," అంది కాపరి. "వారి శిశువులకూ వేళ మించింది. గుమ్మాలు తెరుస్తున్నాను."

దూరంగా రెండో గుమ్మం గంటలు మోగాయి. ఆ వెనకే ఐదోది, తొమ్మిదోది. గోడతెర మీద గుమ్మాల పెద్దాఫీసరు కామేశం గారి మొహం ప్రత్యక్షమైంది. సగం గడ్డం గీసి ఉంది, సగానికి నురగ.

"నూకరత్నం గారూ! ఏం చేశారండీ బాబూ మీరు? ఆరు గుమ్మాలు బార్లా తెరుచుకున్నాయి!"

"మందు వేయించానండి."

"కాపరీ, తక్షణం మూసెయ్!"

"మూయలేను," అంది కాపరి. "మోతాదు నడుస్తోంది. మొదలెట్టిన మందు మధ్యలో ఆపరాదన్నది మీరు సంతకం చేసిన నియమమే."

"ఎంతసేపట్లో అవుతుంది?"

"బిడ్డ వదిలేదాకా."

కామేశం గారు నురగ మొహంతోనే తెరలోంచి నాలుగో గదిలోకి తొంగి చూశారు. గుటకలు ఆగిపోయాయి. పిల్ల నిద్రపోయింది, పిడికిలి కూడా విడిపోయింది. నూకరత్నం వంగి చూసింది. చిన్న పెదాలు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

"మోతాదు పూర్తయిందా?" అని కాపరి అడిగింది.

"ఇంకా లేదు."

"ఇదేం దగా అండీ!" కామేశం గారు గొంతు చించుకున్నారు. "ఆ పిల్ల ఎప్పుడో నిద్ర..."

గంటలన్నీ ఒక్కసారిగా ఆగాయి. గదిలో దీపాలు సగానికి తగ్గాయి.

"మెల్లిగా మాట్లాడండి సార్," అంది కాపరి. "మందు జరుగుతోంది."