బైపీసీ పిల్లకి లెక్కలు

“గ్రూపేటండి?”

“బైపీసీ.”

“ఏ కోర్సుకి?”

“బీటెక్. కంప్యూటర్ సైన్స్.”

కాశీబుగ్గ నెట్ సెంటర్లో కౌంటరు వెనక ఉన్న కుర్రాడు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. బయట వాన దంచి కొడుతోంది. తలలు తుడుచుకుంటూ లోపలికి చేరిన వాళ్లంతా మిరియం వైపే చూస్తున్నారు.

“దానికి ఇంటర్లో లెక్కలుండాలండి. కప్పల్ని కోసినోళ్లకి కోడింగ్ ఇవ్వరు.”

“నేను కప్పల్ని కొయ్యలేదు. మీ నాలిక కొయ్యమంటే మాత్రం ఇప్పుడే కోత్తాను.”

సెంటరంతా గొల్లుమంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మిరియం మాత్రం నవ్వలేదు. గొడుగు విప్పకుండానే వానలోకి దిగింది. ముఖం మీద కారేది వాన నీళ్లేనని చూసేవాళ్లు అనుకుంటారు గనక, బస్సు ఆగే చోటు దాకా ధైర్యంగా ఏడ్చింది.

లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల బైపీసీలో ఎందుకు చేరిందో చెప్పాలంటే ఉద్దానం సంగతి చెప్పాలి. అక్కడ ఏ వీధిలో చూసినా కిడ్నీలు పాడైన మనిషి ఒకరు కనిపిస్తారు. మిరియం పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో ఆమె తండ్రి కృపాదానానికీ డయాలసిస్ మొదలైంది. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ తల్లి జీవరత్నమ్మ లేచి నిలబడి, “ఆయన్ని బతికిత్తే నా కూతుర్ని వైద్యానికి ప్రతిష్ఠ సేత్తాను ప్రభువా” అంది. సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరమ్మ అయితే మరింత గట్టిగా అంది. ఆ ఆమెన్‌తో మిరియం గ్రూపు ఖరారైపోయింది.

పెద్దవాళ్లు పిల్లల్ని ఎంత సులువుగా దేవుడికి ఇచ్చేస్తారో! ఇస్తున్నది ఎవరి బతుకునో వాళ్లని ఒక్క మాట అడగరు.

రెండేళ్లు వేళ్లూ కాండాలూ బట్టీ పట్టింది. నీట్ రాసింది. నలుగురికీ చెప్పుకునే ర్యాంకు రాలేదు. “మళ్లీ రాయే. మాటిచ్చేను కదా” అంటుంది తల్లి. ఎలాగోలా కంప్యూటర్ సైన్సులో చేరిపోదామని మిరియం ఎవరికీ చెప్పకుండా వచ్చిన రోజది.

ఆదివారం చర్చిలో ఆమెకి రెండో దెబ్బ తగిలింది. కీబోర్డు వాయించడానికి కాశీబుగ్గ సంఘం నుంచి వచ్చినవాడు ఆ నెట్ సెంటర్ కుర్రాడే. పేరు నతానియేల్. పాట మధ్యలో ఆమెని చూసి శ్రుతి తప్పాడు. ఆరాధన అయ్యాక చెప్పులేసుకునే చోట కాపు కాశాడు.

“వందనాలండి. నాలిక తెచ్చేను. కోత్తారా?”

“ఇప్పుడు కత్తి లేదు.”

“అయితే వినండి. బోర్డోళ్లు ఓ దారి పెట్టేరు. బైపీసీ పాసైనోళ్లు లెక్కలొక్కటీ అదనంగా రాసుకోవచ్చు. రెండేళ్ల లెక్కలూ ఒకేసారి రాయాలి. ఫిజిక్సూ కెమిస్ట్రీ మీకు ఎలాగూ ఉన్నాయి. అది పాసై ఎంట్రన్స్ రాస్తే సీఎస్ఈకి వెళ్లొచ్చు. ఆ రోజు ఈ సంగతి సెప్పకుండా వెటకారమాడేను. తప్పు నాదే.”

రెండో చెప్పు వేసుకోబోతున్న మిరియం ఆగిపోయింది. “రెండేళ్లవీ నాకెవరు సెప్తారు?”

“నేను బీఎస్సీ కంప్యూటర్సండి. ఉద్యోగం రాలేదు గాని లెక్కలొచ్చు.”

ఆమె చుట్టూ చూసింది. తల్లి పాస్టరమ్మతో మాట్లాడుతోంది. “పలాస ఆస్పత్రికి రండి. నాన్నని మిషన్ మీద పెట్టినంతసేపూ నేను ఖాళీయే” అంది గబగబా.

ప్రేమకథలు బీచిలోనో బస్సులోనో మొదలవుతాయంటారు. వీళ్లది డయాలసిస్ వార్డులో మొదలైంది. జీవరత్నమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. తండ్రిని తీసుకెళ్లే పని కూతురిది. కూతురు అక్కడ నీట్‌కి చదువుతోందని తల్లి నమ్మకం.

మొదటి రోజే నతానియేల్ కృపాదానం మంచం దగ్గరికెళ్లి, “మావా, ఎలగుంది?” అన్నాడు.

మిరియం ఉలిక్కిపడింది. “మావేటి?”

“ఈ ఊళ్లో అందర్నీ అలగే కదా పిలుత్తాం!”

“అనీయే. ఏటి పోయింది?” అని కృపాదానం నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. ఆ నవ్వు కోసమైనా వీడు మళ్లీ రావాలని మిరియం అనుకుంది. మిగతా కారణాలు ఆమెకి తర్వాత తెలిశాయి.

అతను చెప్పే తీరే వేరు. త్రికోణమితి తప్పు చేస్తే “డాక్టరమ్మా” అనేవాడు. ఒప్పు చేస్తే ఏమీ అనకుండా ఆమెనే చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు తనమీద ఉన్నప్పుడు ఆమెకి తర్వాతి లెక్క కచ్చితంగా తప్పేది.

“లెక్కని సూడండి. నన్ను కాదు.”

“లెక్కలో తప్పు దొరకలేదండి. మీలో వెతుకుతున్నాను.”

“దొరికిందా?”

“కోపమొక్కటే. అదీ బానే ఉంది.”

ఈ వరస కొన్ని నెలలు నడిచింది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరికీ తెలీదు. ఇంట్లో లెక్కల సంగతి మాత్రం అలాగే దాగి ఉండిపోయింది. “మీ అమ్మకి నేను సెప్తాను. టైం సూసి సెప్తాను” అనేవాడు కృపాదానం. ఆ టైం రాలేదు.

ఓ ఉదయం ఇల్లు ఊడుస్తూ జీవరత్నమ్మ మంచం కింద లెక్కల పుస్తకం చూసింది. నీట్‌లో లెక్కలుండవని ఆమెకి తెలుసు.

“ఇదేటే? ఏటి సేత్తన్నావు నువ్వు?”

మిరియం నిజం చెప్పేసింది. తల్లి అరిచినా బాగుండేది. గోడకి జారబడి కూర్చుంది. “సంఘం ముందు మాటిచ్చేనే. మాట తప్పితే మీ నాన్న బతుకుతాడేటే?” అంది నీరసంగా.

ఆ మాట మీద మిరియానికి నమ్మకం లేదు. నమ్మకం లేకపోయినా భయముంటుంది. నతానియేల్‌ని ఆస్పత్రికి రావద్దంది. ఫోన్ చేస్తే తియ్యలేదు. మళ్లీ వేళ్లూ కాండాలూ తెరిచింది. మంచం మీంచి తండ్రి “లెక్కలు సెయ్యవేటమ్మా?” అని అడిగితే, “తలనొప్పి నాన్నా” అంది.

ఇంత చేసినా ఆయన బతకలేదు. జ్వరం తగిలింది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, విశాఖపట్నం తీసుకెళ్లే దారిలోనే పోయాడు. మాట తప్పని కూతురు ఆయన కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది.

పోయినవాళ్ల పేరున చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక అయిపోయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. జీవరత్నమ్మ కూతురి వైపు చూడకుండానే అంది: “ఏటి సదువుకుంటావో సదువుకో. మనిషే పోయేక మాటెందుకు? నీ ఇట్టం.”

మిరియం ఇన్నేళ్లుగా ఎదురుచూసిన అనుమతి అది. తండ్రిని తీసుకుపోయి, బదులుగా దాన్ని చేతిలో పెట్టినట్టుంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. ఆ రోజుల్లో ఆమెకి ఆకలి లేదు, ఏడుపూ రాలేదు. పొద్దున్న లేవడమే ఓ పెద్ద పనైపోయింది.

పరీక్షలు దగ్గరికొచ్చాక నతానియేల్ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“నేను రాయను” అంది మిరియం, అతను నోరు తెరవకముందే.

“ఎందుకు?”

“నాన్న పోతేనే గదా నాకు లెక్కలొచ్చేయి! ఆయన్నిచ్చి కొనుక్కున్నట్టుంది. పెన్ను పడితే సెయ్యి ఆడదు. నువ్వెళ్లిపో.”

నతానియేల్ వెనక్కి తిరగబోతుంటే లోపల్నుంచి జీవరత్నమ్మ వచ్చింది.

“ఆస్పత్రిలో లెక్కలు సెప్పేవోడివి నువ్వేనా?”

“అవునత్తా. నేనే.”

“కూకో.” ఆమె కూడా అతనికెదురుగా కింద కూర్చుంది. చెంగు చివర వేలికి చుట్టి విప్పింది. “నేను ఫ్యాక్టరీలో ఉండిపోయేను బాబూ. అక్కడ ఆయనెలగుండేవోడో నాకు తెల్దు. బాగా బాధపడీవోడా?”

నతానియేల్ తడబడ్డాడు. “సూది గుచ్చినప్పుడు కళ్లు మూసుకునేవోరు. మేం లెక్క మొదలెడితే తెరిసేవోరు. మిరియం సేసింది కరెట్టయితే నర్సమ్మని పిలిసి, ‘సూడండమ్మా, నా గుంట, నా కూతురు, సేసింది’ అని సెప్పేవోరు. తప్పయితే నన్ను తిట్టేవోరు, సరిగ్గా సెప్పలేదని. అందరూ నవ్వేవోరు. ఆయనా నవ్వేవోరు.”

“నవ్వేవోడా?”

“అవునత్తా. బాగా.”

జీవరత్నమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. పొట్టు తీస్తున్నంతసేపూ ఆ మనిషి మంచం మీద మూలుగుతుంటాడని ఆమె అనుకునేది. ఆ గంటల్లో ఆయన నవ్వాడని ఇప్పుడే విన్నది. చివరి వారాల్లో ఆ లెక్కలు మాన్పించింది తనేనని కూడా అప్పుడే తట్టినట్టుంది. ఆమె ఏడుపు చూసి మిరియానికి ఇన్నాళ్లూ రాని ఏడుపు వచ్చింది. తల్లీకూతుళ్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తుంటే, నతానియేల్ ఎటు చూడాలో తెలియక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

“అది పాపిట్టి సదువు కాదే” అంది చివరికి జీవరత్నమ్మ. “రాయి. నీ ఇట్టం అనట్లేదు. నేనే రాయమంటన్నాను.”

పరీక్ష సెంటరు టెక్కలిలో పడింది. నందిగాం మీదుగా బస్సులో ముగ్గురూ వెళ్లారు. మిరియం లోపలికెళ్లాక, ఎండ తగలకుండా గోడ వారన అత్తా, కుర్రాడూ ఒకే చోట నిలబడ్డారు. ఆమె తెచ్చిన పులిహోరలో సగం అతని చేత బలవంతంగా తినిపించింది.

ఆఖరి పేపరు రోజు మిరియం అందరికన్నా చివర్న బయటికొచ్చింది. ముఖం చూడగానే నతానియేల్‌కి అర్థమైంది.

“బాగా రాలేదు” అంది. “మధ్యలో నాన్న గుర్తొచ్చేరు. అరగంట ఏటీ రాయలేదు. పాసవుతానో లేదో తెల్దు.”

“ఫెయిలైతే సప్లీ రాద్దాం.”

“అదీ పోతే?”

“మళ్లీ సెప్తాను. నాకు వేరే పనేటుంది?”

ఆమె అతని కళ్లలోకి చూసింది. ఎప్పుడూ ఆమె వైపు దర్జాగా చూసేవాడు ఈసారి చూపు దించేసుకున్నాడు.

“నువ్వంటే నాకిట్టం” అంది మిరియం. దాచుకునే ఓపిక ఆమెలో మిగల్లేదు. “సాన్నాళ్ల నుంచీ ఇట్టం. ఆస్పత్రికి రావద్దన్నప్పుడు కూడా.”

“నాకూ” అన్నాడు నతానియేల్, చూపు ఎత్తకుండానే.

ఆ మాటకి నవ్వాల్సిన పిల్ల గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “ఇది ముందు నాన్నకి సెప్పాలనుకున్నాను. ఎప్పుడో సెప్పాలనుకున్నాను. ఇప్పుడెవరికి సెప్పుకోను?”

టిఫిన్ డబ్బా మూత పెడుతున్న జీవరత్నమ్మ చెయ్యి ఆగింది. అంతా విన్నదామె. డబ్బా కింద పెట్టి లేచి వచ్చి, కూతురి తల తన భుజానికి లాక్కుంది.

“నాకు సెప్పే” అంది. “నేనున్నాను కదే. మీ నాన్నకి ఎలగ సెప్పాలనుకున్నావో అలగే నాకు సెప్పు.”

మిరియం చెప్పడం మొదలుపెట్టింది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ముగ్గురూ ఎక్కలేదు.