బోరు నీళ్ల చేపలు

ఫైటర్ చేపను ఒంటరిగానే ఉంచాలన్నాడు చేపల దుకాణం విశ్వజిత్, సరే. కానీ ఒంటరిగా ఉండడం దానికి ఇష్టమా, లేక మొదటి నుంచీ ఎవరో చిన్న సీసాలో పెట్టి అమ్మడం వల్ల వచ్చిన అలవాటా? చేపకు ఇష్టం వేరు, అలవాటు వేరుగా ఉంటాయా? తనకైనా ఉన్నాయా?

"ఇది మంచిగ కనవడుతుందా అవ్వా, ఇదా?" నవనీత చేతులు మాత్రం అద్దాలు మారుస్తూనే ఉన్నాయి.

"రెండొక్క తీర్గనే ఉన్నయి బిడ్డా," అంది బాలవ్వ. "నువ్వే ఏదన్నొకటి వెట్టు."

కోరుట్లలోని ఆ కంటి దవాఖానలో నవనీత పని ఇదే. పొద్దంతా చీకటి గదిలో కూర్చొని ఇదా, ఇదా అని అడగడం, ఎదుటివాళ్ల చేత ఒకటి ఎంపిక చేయించడం. సొంత విషయం వచ్చేసరికి ఆమెకూ రెండూ ఒక్క తీరుగానే కనిపిస్తాయి.

తలుపు అవతల హాల్లో, బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు పక్కపక్కన కళ్లు మూసుకొని కూర్చున్నారు. ఒకరు బుగ్గారం నుంచి వచ్చిన ఆమె తండ్రి కిష్టయ్య. ఇంకొకరు జగిత్యాల నుంచి వచ్చిన జగపతి రావు, విశ్వజిత్ తండ్రి. ఇద్దరికీ కంటిపాప పెద్దది కావడానికి మందు చుక్కలు వేశారు. పిలిచేదాకా కళ్లు తెరవొద్దని చెప్పి, అటెండర్ ఎల్లన్న ఒకరి తర్వాత ఒకరిని చెయ్యి పట్టుకొని తెచ్చి కూర్చోబెట్టాడు. పక్కనున్నది ఎవరో ఇద్దరికీ తెలియదు.

ఇద్దరినీ గురువారమే రమ్మన్నది నవనీతే. ఏం కావాలని రమ్మన్నదంటే, అది కూడా ఆమె తేల్చుకోలేదు.

ఇదంతా మొదలైంది చేపలతో.

మందు వేయించుకున్న పిల్లలు ఏడుస్తున్నారని డాక్టర్ ఇందిర మేడం హాల్లోకి ఒక గాజు తొట్టి తెప్పించింది. చేపలు తెచ్చే పని నవనీత మీద పడింది. జగిత్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక దుకాణం ఉందంటే పోయింది. అన్నీ చూసి, వేలు పెట్టి చూపింది.

"గవి రెండు, ఆ ముక్కోణం లెక్క ఉన్నయి రెండు, నల్ల గీతలయి నాలుగు. ఇగ ఆ ఎర్ర తోక ఫైటర్ ఒకటి."

"ఇయ్యను," అన్నాడు దుకాణం అతను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోచేతి దాకా తడి.

"ఎందుకియ్యరు?"

"నల్ల గీతలయి టైగర్ బార్బులు. పొడుగు తోక కనవడితే కొరుకుతయి. మీరేమో ఫైటర్ అడుగుతున్నరు, దానికున్నదే తోక, దాన్ని ఒంటరిగనే ఉంచాలె. ముక్కోణంది ఏంజెల్. పెరిగినంక నోట్లె పట్టేదాన్నల్లా మింగుతది. ఇగ మీరు ముందుగాల చూపిచ్చింది గోల్డ్ ఫిష్. దానికి చల్లటి నీళ్లు గావాలె, గలీజు గూడ ఎక్కువ జేస్తది. ఇన్నిటిని ఒక్క తొట్లె ఏస్తే వారం దినాలల్ల ఒక్కటే మిగులుతది మేడం."

"మరి ఏం తీసుకపోవాలె?"

"ఇయ్యాల ఏం తీసుకపోవద్దు. నీళ్లు నింపి, ఫిల్టర్ వెట్టి, మూడు నాలుగు వారాలు ఉత్తగనే నడవనీయిండ్రి. గలీజు తినే బ్యాక్టీరియా తయారు గావాలె. రోజు చిటికెడు మేత ఏయుండ్రి, వాటికి."

"లేని చేపలకు మేత ఏసుడా?"

"ఆఁ."

"మీకు గీ దుకాణం ఎట్ల నడుస్తుందండి?"

"మా డాడీ గూడ గదే అడుగుతడు," అన్నాడతను, నవ్వకుండా. "మీ దగ్గర నీళ్లెట్లుంటయి?"

"బోరు నీళ్లు. నల్లాలకు తెల్లగ పెచ్చులు గడుతయి."

"మంచిదే. సున్నమున్న నీళ్లంటే గప్పీలకు, మోలీలకు, ప్లాటీలకు పానం. కొత్తోళ్లకు గవే సులువు. ఒకదాన్నొకటి ఏమనయి. కాకపోతే ఒక్క మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలె, లేకుంటే ఉన్న ఒక్కదాన్ని మగది సతాయిస్తది."

"చేపల ముచ్చటేనా ఇది?"

అతను ఆమెను అప్పుడే సరిగ్గా చూసినట్టున్నాడు. "చేపలదే మేడం," అని సంచిలో ఫిల్టర్ పెట్టి ఇచ్చాడు. పేరు విశ్వజిత్ అని, ఫోన్‌పే చేసినప్పుడు తెలిసింది.

తొట్టి చాలా రోజులు ఖాళీగా బుడగలు వదిలింది. "ఏంది బిడ్డా, చేపలు కనవడ్త లెవ్వు. కన్ను పూరాగ పోయిందా ఏంది?" అని బెంగపడ్డ ముసలివాళ్లకు, చేపలు నిజంగానే లేవని చెప్పి ధైర్యం చెప్పడం ఎల్లన్నకు అదనపు డ్యూటీ అయింది.

నవనీత సాయంత్రం పూట ఖాళీ నీళ్ల ఫోటో పంపేది. 'బాగున్నయి' అని జవాబు వచ్చేది. ఖాళీ నీళ్లలో బాగుండడానికి ఏముంటుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. కానీ ఆ ఒక్క మాట కోసం ఫోను పక్కనే పెట్టుకొని కూర్చుంటున్నట్టు మాత్రం అర్థమైంది. తను పంపే ప్రతి మాటనూ రెండు మూడుసార్లు దిద్ది, అందులో చేపలు తప్ప ఇంకేమీ మిగలకుండా చూసుకొని పంపేది.

చివరికి మోలీలు, గప్పీలు వచ్చాయి. మూడు రోజులు ఈదాయి. తర్వాత రెక్కలు ముడుచుకొని, ఉన్నచోటనే వణుకుతూ నిలబడ్డాయి. ఫోన్ చేస్తే, విశ్వజిత్ వానలో బండి మీద వచ్చాడు. నీళ్లు కారే అంగీతోనే తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం నీళ్లు పోసిన్రు?"

"మంచి నీళ్లే."

"మంచి నీళ్లంటే?"

"ప్లాంటు నీళ్లు. క్యాన్లు తెప్పిచ్చిన."

అతను నేల మీద చతికిలబడ్డాడు. "బోరు నీళ్లన్నరు గద."

"బోరు నీళ్లు మనమే తాగుత లేము. నోరులేనియి, వాటికెట్ల పోయాలె? పాపం గద."

"మనం తాగుత లేం మేడం. అవి అండ్లనే బతుకుతయి. ప్లాంటోళ్లు నీళ్లల్ల ఉన్నదంత తీసేస్తరు. మోలీలకు గా తీసేసిందే గావాలె."

ఆమె ముఖం చిన్నబోయింది. చంపేసినట్టేనా అని అడిగింది. లేదన్నాడు. రోజుకొక చెంబు పాత నీళ్లు తీసి, ఒక చెంబు బోరు నీళ్లు పొయ్యమన్నాడు. ఒక్కసారి మారిస్తే తట్టుకోవన్నాడు. తప్పు తనది కూడా కొంత ఉందని, నీళ్లు పరీక్ష చేయకుండా చేపలు ఇవ్వకూడదని అన్నాడు.

"మరెందుకిచ్చిన్రు?"

"మీరు మళ్ల ఒట్టి చేతులతోటి పోతే, తిరిగి వస్తరో రారో అనుకున్న."

హాల్లో ఎవరూ లేరు. వాన చప్పుడు, ఫిల్టర్ చప్పుడు. టవల్ తెస్తానని ఆమె లోపలికి పోయి, టవల్ చేతిలోనే పెట్టుకొని చాలాసేపు నిలబడింది.

రోజుకొక చెంబు. మోలీలు రెక్కలు విప్పాయి. అవి విప్పిన వారంలోనే, ఇందిర మేడం సిరిసిల్లలో కొత్తగా తెరుస్తున్న దవాఖానకు వచ్చే నెల నుంచి నవనీతే పోవాలని తేలింది.

"సిరిసిల్ల బస్సు మా దుకాణం ముందట్నుంచే పోతది," అన్నాడు విశ్వజిత్.

"అయితే?"

"అయితే ఏం లేదు, చెప్పిన. చెయ్యి ఊపచ్చు. లేకుంటే, మీరు పోకముందే డాడీని తీసుకొని మీ ఇంటికి వస్త. మీ బాపుతోటి మాట్లాడుతం. మా ఇంట్ల ఎరుకే. డాడీ కొంచెం గునుస్తున్నడు గని, వస్తడు."

"వద్దు."

"నేను వద్దా, డాడీ వద్దా?"

ఆమె దిద్దుకోకుండా మాట్లాడింది అప్పుడే. "మా బాపు ఇన్నేండ్లు కల్లు గీసిండు. మీ డాడీ మా ఇంట్లకు వచ్చిండంటే లేచి నిలవడుతడు. దొరా అంటడు. కూసొమ్మన్నా కూసోడు. ఎవలు చెప్పినా వినడు, గది ఆయన చేతుల లేదు. తన ఇంట్లె తనే నిలవడితే నేను చూడలేను. నువ్వంటే ఇష్టం లేక గాదు."

"చేపలదైతే చెప్తుంటి," అన్నాడు విశ్వజిత్.

ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒక్కటే బొమ్మ. తండ్రి నిలబడి ఉంటాడు. భుజం మీది తువ్వాల చేతిలోకి వస్తుంది. ఆ ఒక్కటి లేని చోటు ఎక్కడన్నా ఉందా అని ఆమె వెతికింది. కోరుట్లలో లేదు, సిరిసిల్లలోనూ ఉండదు. ఉన్నదంతా తీసేసిన ప్లాంటు నీళ్లు గుర్తొచ్చేవి. ఆ పోలిక మీద కోపం వచ్చి పక్కకు నెట్టేసేది.

ఇంతలో కిష్టయ్యకు షుగర్ వల్ల కళ్లు చూపించే సమయం వచ్చింది. జగపతి రావుకు రాత్రి బండి నడపడం కష్టమవుతోందని విశ్వజిత్ అన్నాడు. గురువారం తీసుకురమ్మంది. గురువారం ఎవరెవరు వస్తున్నారో చెప్పి, "నువ్వు మాత్రం లోపలికి రాకు," అంది.

బాలవ్వకు అద్దాలు రాసిచ్చి పంపేశాక ఇంక సాకు మిగల్లేదు. నవనీత హాల్లోకి వచ్చి తొట్టి పక్కన నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. కళ్లు మూసుకున్న మనుషులు ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

"...మోకాళ్లు ఒప్పుత లెవ్వు. చెట్టెక్కుడు బంద్ వెట్టిన," అంటున్నాడు కిష్టయ్య. "మీరేం జేస్తరు?"

"ఎవుసం. కొడుకైతే శాపలమ్ముతడు."

"మంచి గిరాకే గద. కిలో ఎంత?"

"గదే నేనూ అడిగిన," అన్నాడు జగపతి రావు. "కిలోల్లెక్క గాదట. ఒక్కొక్కటి లెక్క. ఏలంత గూడ ఉండయి. తినెటియి గావు."

"మరెందుకు?"

"సూసేటందుకు."

"సూసేటందుకు పైసలా?"

ఇద్దరూ గోడ వైపు తిరిగి నవ్వారు.

"నవ్వుతున్నం గని," అన్నాడు కిష్టయ్య, "నా బిడ్డ గూడ గీడ గా డబ్బనే వెట్టింది. సప్పుడు ఇనవడ్త లేదా, గదే. శాపలకు ప్లాంటు నీళ్లు పోసిందట, పిస్సది. పానం మంచిది దానిది. నోరులేనిదాన్ని సూస్తే ఆగది."

జగపతి రావు నవ్వు ఆగిపోయింది. "ప్లాంటు నీళ్లా?"

"ఆఁ. క్యాన్లు తెప్పిచ్చి."

"నీ బిడ్డెనా గామె?"

"నవనీత. మీకెర్కనా?"

నవనీత తొట్టి అంచు పట్టుకుంది. లోపల ఒక మోలీ, ఆమె వేలి దగ్గరికి మేత అనుకొని వచ్చింది.

జగపతి రావు కళ్లు తెరవలేదు. పక్కకు జరగనూ లేదు. "మావోడు రోజు గదే ముచ్చట జెప్తడు," అన్నాడు. "ప్లాంటు నీళ్లు, ప్లాంటు నీళ్లనుకుంట ఇంట్ల ఒక్కడే నవ్వుకుంట తిరుగుతడు."

"అయితే మనం ఎరుకైనోళ్లమే," అన్నాడు కిష్టయ్య. దాంట్లో అతనికి పెద్ద విశేషమేమీ కనిపించలేదు.

"అయినట్టే ఉన్నం."

కిష్టయ్య కంట్లోంచి మందు చెంప మీదికి కారింది. చేతిలోని దూది ఎప్పుడో కింద పడిపోయింది. బెంచీ మీద తడుముకుంటున్నాడు. ఆ చప్పుడు వినిపించిందేమో, జగపతి రావు తన దూదిని రెండుగా చింపి, ఒక ముక్క గాలిలోకి చాచాడు. "ఇగో, పట్టు." ఆ చెయ్యి కొంచెం పక్కకు పోయింది. కిష్టయ్య చెయ్యి దాన్ని వెతుక్కుంటూ వచ్చి, ముందు వేళ్లను, తర్వాత దూదిని పట్టుకుంది.

కిటికీలోంచి, కారుకు ఆనుకొని నిలబడ్డ విశ్వజిత్ కనిపిస్తున్నాడు. కళ్లు తెరవమని చెప్పాల్సిన సమయం ఎప్పుడో దాటింది. ఇంకో పావుగంట ఇలాగే ఉంచినా ఎవరూ అడగరు. కానీ తెరిచాక ఏమవుతుందో అప్పుడూ అదే అవుతుంది. తండ్రి పక్కకు చూస్తాడు. ఆ తెల్ల ఖద్దరు, ఆ ఉంగరాలు, ఆ కూర్చున్న తీరు. చూడగానే మోకాళ్లు నొప్పిని మరిచిపోయి లేస్తాయి.

నవనీత పోయి తండ్రి వెనక నిలబడింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. లేవకుండా కొంచెం గట్టిగానే అదిమి పట్టింది.

"బాపూ, కూసోనే ఉండు," అంది. "ఇగ ఇద్దరు కండ్లు తెరువుండ్రి."